అండమాన్ దీవుల్లో ఎనిమిది రోజుల సెలవు

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సుబేదార్ సాబ్, మీరు కుటుంబంతో అండమాన్ వెళ్ళొచ్చారు కదా, ఈసారి దాని గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఇంటర్ చదివి సిపాయిగా భర్తీ అయినవాణ్ణి. పెద్ద పెద్ద మాటలు రావు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెబుతాను. ఇందులో మీ కుటుంబానికి పనికొచ్చేది ఏదైనా ఉంటే తీసుకోండి.

మనలో చాలామందికి సెలవంటే ఏమిటి? ఏడాదికి రెండు నెలల యాన్యువల్ లీవ్. అందులో రైళ్ళకే కొన్ని రోజులు పోతాయి. మిగతా రోజుల్లో ఇంటి కప్పు బాగుచేయించాలి, పొలం గట్టు తగాదా తేల్చాలి, నాన్నకి కంటి ఆపరేషన్ చేయించాలి, చెల్లెలికి సంబంధం చూడాలి. ట్రంకు పెట్టె సర్దుకుంటుంటే పిల్లవాడు కాళ్ళకు చుట్టుకుంటాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నా సెలవులన్నీ ఇలాగే గడిచాయి. 2006 నుంచి 2009 వరకు నా పోస్టింగ్ పోర్ట్ బ్లెయిర్‌లోనే. పిల్లల చదువుల వల్ల కుటుంబం శ్రీకాకుళం జిల్లాలో మా ఊళ్ళోనే ఉండేది. నేను ఫోన్లో సముద్రం గురించి చెబితే మా ఇంటావిడ, "సముద్రం మనూరికీ ఉంది గానీ, మీరు ఎప్పుడొస్తారో అది చెప్పండి" అనేది. 2023 ఫిబ్రవరిలో ఆవిడ్ని, కూతుర్ని, అల్లుణ్ణి, ఆరేళ్ళ మనవణ్ణి తీసుకుని వెళ్ళాను. ఎనిమిది రోజులు ఉన్నాం.

ముందుగా తెలియనివారి కోసం కొన్ని వివరాలు. బంగాళాఖాతంలో ఉన్న ఈ దీవులు, రాతిదిబ్బలు ప్రభుత్వ లెక్కలో చిన్నా పెద్దా కలిపి 836. మనుషులు ఉండేవి 31 మాత్రమే. నేలలో నూటికి ఎనభై వంతులకు పైగా అడవే. దేశంలో మూడు దళాలూ ఒకే కమాండర్ కింద పనిచేసిన మొదటి కమాండ్ 2001లో ఇక్కడే ఏర్పడింది. కొన్ని పేర్లు మారాయి, టికెట్లు కొనేటప్పుడు తికమక పడకండి. 2018 డిసెంబర్‌లో రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురంగా మారింది. మేము వెళ్ళినప్పటికి అది ఇంకా పోర్ట్ బ్లెయిరే కాబట్టి, నేను ఆ పేరే వాడుతున్నాను.

భాష గురించి దిగులు అక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం అక్కడ నూటికి పదమూడు మంది దాకా తెలుగు మాట్లాడేవాళ్ళు. వాళ్ళలో చాలామంది పూర్వీకులు మన ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళిన బెస్తవాళ్ళు. మొదటి రోజు సాయంత్రం జంగ్లీఘాట్ చేపల రేవుకి వెళితే, వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన మా మాట విని, "ఏటి బాబూ, సిక్కోలోళ్ళా?" అని పలకరించాడు. పడవ చెక్క మీద మమ్మల్ని కూర్చోబెట్టి ఆయన చెప్పిన పాఠం ఆ ఎనిమిది రోజులూ మాకు పనికొచ్చింది.

"ఇక్కడ గడియారం చూడకండి బాబూ, పోటూ పాటూ చూసుకోండి" అన్నాడు ఆయన. పోటు అంటే నీరెక్కడం, పాటు అంటే నీరు తీయడం. రోజుకి రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది. ప్రతిరోజూ ముందురోజు కంటే ముప్పావు గంట పైచిలుకు ఆలస్యంగా జరుగుతుంది. అమావాస్యకి, పున్నమికి పోటు బాగా పైకొస్తుంది, పాటు బాగా లోపలికి పోతుంది. ఆయన చేతిలో పంచాంగం లేదు, తిథి మాత్రం నోటికి ఉంది. ఏ తిథికి ఎన్ని గంటలకి నీరు తీస్తుందో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. మనవాడు నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయాడు.

రెండో రోజు నేతాజీ ద్వీప్ చూశాం. అబర్డీన్ జెట్టీ నుంచి పడవలో పావుగంట. బ్రిటిష్‌వాళ్ళు అక్కడి నుంచే దీవులన్నిటినీ పాలించారు. 1942లో జపాన్‌వాళ్ళు వచ్చారు, వాళ్ళ బంకర్లు ఇంకా ఉన్నాయి. 1979లో ఆ దీవిని మన నౌకాదళానికి అప్పగించారు. చర్చి గోడల్ని, ఆఫీసర్ల బంగళాల్ని మర్రిజాతి చెట్ల వేళ్ళు చుట్టేసుకుని ఉంటాయి. వాటి మధ్య జింకలు మనిషిని చూసి బెదరకుండా తిరుగుతుంటాయి. అందరూ ఫొటోలు తీసుకుంటారు, మేమూ తీసుకున్నాం. కానీ ఆ చుక్కల జింక ఈ దీవుల జంతువు కాదు, వేట కోసం బ్రిటిష్‌వాళ్ళు తెచ్చి వదిలింది. ఇక్కడ పులీ లేదు, చిరుతా లేదు. అందుకని జింకలు ఇతర దీవులకూ పాకి, అడవిలో లేత మొక్కల్ని ఎదగనివ్వకుండా తినేస్తున్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. దీవి మాత్రం చిన్న ఇల్లులాంటిది, బయట నుంచి ఒకటి తెచ్చి పెడితే లోపల ఇంకొకటి తగ్గిపోతుంది.

మూడో రోజు ఉదయం ఓడలో స్వరాజ్ ద్వీప్ వెళ్ళాం. ప్రభుత్వ ఫెర్రీ అయితే రెండున్నర గంటల దాకా పడుతుంది, ప్రైవేటు ఓడలు ఇంకా తొందరగా చేరుస్తాయి. అక్కడి ఊళ్ళ పేర్లు రాధానగర్, గోవిందనగర్, కృష్ణానగర్, శ్యామ్‌నగర్. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు ప్రభుత్వం భూమి ఇస్తే, అడవి కొట్టి స్థిరపడినవాళ్ళు వాళ్ళు. రాధానగర్ బీచ్‌ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమమైన బీచ్ అని రాసింది. తెల్లటి మెత్తని ఇసుక. వెనక గోడకట్టినట్టు పెద్ద పెద్ద చెట్లు. మా ఇంటావిడ చెప్పులు చేతిలో పట్టుకుని, ఒక్కమాట మాట్లాడకుండా నీళ్ళ అంచునే చాలాదూరం నడిచింది. నేనూ ఏమీ అడగలేదు.

అదే బీచ్ దగ్గర మొసలి బొమ్మతో హెచ్చరిక బోర్డు ఉంది. చాలామంది దాని పక్కన నిలబడి నవ్వుతూ ఫొటో దిగుతారు. ఇవి మన గోదావరి మొసళ్ళ లాంటివి కావు. ఉప్పునీటి మొసళ్ళు, మొసళ్ళన్నిటిలోకీ పెద్దవి. మడ అడవుల్లోని వాగుల్లో ఉంటాయి, సముద్రంలో దూరాలు ఈదుతాయి. 2010లో ఈ దీవిలోనే ఒక విదేశీ పర్యాటకురాలు నీళ్ళలో ఉండగా మొసలి దాడిలో చనిపోయింది. అందుకే ఎక్కడ దిగాలో జెండాలు పాతుతారు, లైఫ్‌గార్డులు కాపలా ఉంటారు, చీకటి పడ్డాక నీళ్ళలోకి వెళ్ళనివ్వరు.

మేమున్న సాయంత్రం అయిదారుగురు కుర్రాళ్ళు జెండాలు దాటి, వాగు కలిసే మూల వైపు ఈదుకుంటూ వెళ్ళారు. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే చేతులూపి నవ్వారు. జుట్టు కటింగ్ చూస్తే నాకు అర్థమైంది, మనవాళ్ళే. నేను గట్టుకు వెళ్ళి పరేడ్ గ్రౌండ్ గొంతుతో ఒక్కసారి "వాపస్ ఆవో!" అన్నాను. అందరూ వచ్చేశారు. వాళ్ళలో ఒక అబ్బాయి విజయనగరం జిల్లావాడు. "సాబ్, మాకు ఈత బాగా వచ్చు" అన్నాడు. "నీకు ఈత వచ్చు నాయనా, దానికీ వచ్చు. సెంట్రీ ఆగమంటే ఆగుతావు కదా, ఈ విజిల్ వేసేవాడు కూడా సెంట్రీయే" అన్నాను. కుర్రాడు సిగ్గుపడి లైఫ్‌గార్డు దగ్గరికి వెళ్ళి సెల్యూట్ చేశాడు. అండమాన్‌లో సెలవు గురించి నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. అక్కడ అందంగా కనిపించే ప్రతిచోటా ఒక గీత ఉంటుంది. గీత ఇవతల ఉన్నంతసేపు మనకీ క్షేమం, అవతల ఉన్న ప్రాణికీ క్షేమం.

అక్కడి నుంచి షహీద్ ద్వీప్. ఇక్కడి పేర్లు మన చెవికి ఇంకా ఇంపుగా ఉంటాయి. రామ్‌నగర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. లక్ష్మణ్‌పూర్ వైపు సముద్రం తొలిచిన సహజమైన రాతి వంతెన ఉంది. దాని దగ్గరికి పాటు సమయంలోనే వెళ్ళాలి. జంగ్లీఘాట్ ముసలాయన చెప్పిన లెక్క ప్రకారం వెళ్ళాం, సరిగ్గా నీరు తీసి ఉంది. రాళ్ళ మధ్య గుంటల్లో నీళ్ళు నిలిచి, ఒక్కో గుంట ఒక్కో ఊరులా కనిపించింది. నల్లటి సముద్ర దోసకాయలు, నక్షత్ర చేపలు, నోరు తెరిచి మూసే నీలిరంగు పెద్ద ఆల్చిప్పలు, రాయి రంగులో కలిసిపోయిన ఒక చిన్న ఆక్టోపస్. గైడ్ కుర్రాడు చూపించేదాకా అది మా కళ్ళకు ఆనలేదు.

మనవడు రంగురంగుల గవ్వ ఒకటి పట్టుకోబోతే గైడ్ ఆపాడు. శంకు ఆకారంలో ఉండే కొన్ని గవ్వల్లో ప్రాణి బతికే ఉంటుంది, విషపు ముల్లుతో కుడుతుంది, మనిషి ప్రాణం పోయేంత విషం. ఖాళీ గవ్వ అయినా వదిలేయమన్నాడు, దాన్ని సన్యాసి పీత ఇల్లు చేసుకుంటుందట. "తాతయ్యా, మరి పీతకి క్వార్టర్ అన్నమాట" అన్నాడు మనవడు. ఫ్యామిలీ క్వార్టర్ కోసం వెయిటింగ్ లిస్టులో ఏళ్ళు గడిపిన మనకి ఆ పీత బాధ వేరే చెప్పాలా?

ఇది సరదా మాట మాత్రమే కాదు, చట్టం కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలు, సముద్ర దోసకాయలు, పెద్ద ఆల్చిప్పలు, కొన్ని రకాల గవ్వలు రక్షిత ప్రాణులు. చచ్చిన పగడపు ముక్కైనా తేకూడదు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో మా ముందున్న కుటుంబం సంచి విప్పించి పగడపు ముక్కలు తీయించారు. ఆ పెద్దమనిషి పిల్లల ముందు తలదించుకుని నిలబడ్డాడు. యూనిఫాం వేసుకున్నవాడికి అలాంటి పరిస్థితి రాకూడదు.

పగడాలు బతికుండగా చూడాలంటే వండూర్ వెళ్ళాలి. అక్కడి సముద్ర జాతీయ పార్కుని 1983లో ఏర్పాటు చేశారు, పదిహేను దీవులు దాని కిందికి వస్తాయి. పర్యాటకుల్ని జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకు వంతులవారీగా పంపుతారు. ఒకటి తెరిచి ఉన్నప్పుడు రెండోది మూసేస్తారు, అంటే దానికి విశ్రాంతి అన్నమాట. జాలీబాయ్‌కి ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు, పడవ ఎక్కేముందే సంచులు తనిఖీ చేస్తారు. అద్దం అడుగున్న పడవలోంచి చూస్తే జింకకొమ్ముల్లాంటివి, పుట్టగొడుగుల్లాంటివి, మెదడు ముడతల్లాంటివి కనిపిస్తాయి. అవి మొక్కలూ కావు, రాళ్ళూ కావు, లక్షల చిన్న చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఇళ్ళు. సముద్రం మామూలు కంటే కొంచెం వేడెక్కితే చాలు, వాటికి రంగూ తిండీ ఇచ్చే నాచు వెళ్ళిపోయి తెల్లగా పాలిపోతాయి. 2010లోనూ 2016లోనూ ఇక్కడ అలాగే జరిగింది. మేము చూసినచోట కొంత రంగు, కొంత బూడిద. మనిషి కాలు తగిలి విరిగిన కొమ్మ మళ్ళీ అంత కావడానికి ఏళ్ళు పడుతుంది.

ఆరో రోజు దూర ప్రయాణం. ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ బీచ్, పోర్ట్ బ్లెయిర్ నుంచి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. దారి జరావా తెగవారి అడవిలోంచి పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర బండ్లన్నీ కాన్వాయ్‌గా కట్టి పంపుతారు. దారిలో ఆగకూడదు, ఓవర్‌టేక్ చేయకూడదు, జరావాలు కనబడితే ఫొటో తీయకూడదు, తినేది ఏదీ విసరకూడదు. 1956 నుంచీ వాళ్ళ రక్షణకు ప్రత్యేక చట్టం ఉంది. కాన్వాయ్ డిసిప్లిన్ మనకు కొత్త కాదు. బస్సులో ఒకరిద్దరు సెల్‌ఫోన్ తీయబోతే మా ఇంటావిడే, "మనింటి వాకిట్లోకి ఎవరో వచ్చి మన పిల్లల్ని అలా తీస్తే ఊరుకుంటామా?" అంది. ఫోన్లు జేబుల్లోకి పోయాయి.

కాలీపూర్ ప్రత్యేకత ఏమిటంటే నాలుగు రకాల సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే బీచ్ అది. ఆలివ్ రిడ్లీ, ఆకుపచ్చ తాబేలు, హాక్స్‌బిల్, అన్నిటిలోకీ పెద్దదైన లెదర్‌బ్యాక్. చలికాలంలో రాత్రిళ్ళు తల్లి ఒడ్డుకు వచ్చి, వెనక కాళ్ళతో గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతుంది. కుక్కలు, అడవి పందులు తవ్వకుండా అటవీశాఖవాళ్ళు ఆ గుడ్లని తెచ్చి కంచెలో పాతిపెడతారు. ప్రతి గొయ్యి మీదా తేదీ, గుడ్ల లెక్క రాసిన చెక్క ఉంటుంది. ఏడెనిమిది వారాల్లో పిల్లలు పైకొస్తాయి.

మేమున్న తెల్లవారుజామున ఒక గొయ్యి పిల్లలు వచ్చాయి. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దవి, అంతే. గార్డు మా చేత టార్చిలన్నీ ఆర్పించాడు. వెలుగు ఎటుంటే సముద్రం అటే అని వాటి నమ్మకం. వీధి దీపం గానీ, హోటల్ దీపం గానీ కనిపిస్తే అటే పోయి ఎండకి చచ్చిపోతాయి. నీళ్ళకి కొంచెం దూరంలో వదిలితే, ఒక్కోటి ఇసుకలో పడుతూ లేస్తూ అల దాకా వెళ్ళింది. ఒక అల వెనక్కి తోసింది, మళ్ళీ వెళ్ళాయి. వెయ్యింటిలో ఒకటి బతికి పెద్దదైతే గొప్ప అంటారు. మా ఇంటావిడ చేతులు జోడించి నిలబడింది. మనవడు మాత్రం "వాటి అమ్మ ఎక్కడుంది?" అని అడిగాడు. ఎవరం జవాబు చెప్పలేదు. అమ్మ ఎక్కడో సముద్రంలో ఉంటుంది. చిన్న అండమాన్‌లో గుడ్లు పెట్టిన లెదర్‌బ్యాక్‌లకు శాటిలైట్ పరికరాలు అమర్చి చూస్తే, కొన్ని ఆస్ట్రేలియా వైపు, కొన్ని ఆఫ్రికా వైపు వేల కిలోమీటర్లు వెళ్ళాయని తేలింది. ఇంటికి దూరంగా ఎక్కువకాలం గడిపే బతుకు మనదొక్కరిదే కాదు.

సముద్రం గురించి మాట్లాడుతూ 2004 డిసెంబర్ 26 చెప్పకుండా ఉండలేను. ఆ ఆదివారం ఉదయం సునామీలో కార్ నికోబార్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లో మన సోదరులు, వాళ్ళ భార్యాబిడ్డలు కలిపి వంద మందికి పైగా పోయారు. డ్యూటీ మీద నేను అక్కడికి వెళ్ళినప్పుడు కొబ్బరి చెట్ల మొండేలు ఇంకా వరసగా నిలబడి ఉన్నాయి. ఆ భూకంపానికి ఉత్తరాన కొన్ని తీరాలు పైకి లేచి పగడాలు ఎండలో మాడిపోయాయి. దక్షిణాన భూమి కుంగింది. దేశపు దక్షిణ కొన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది. పోర్ట్ బ్లెయిర్ పక్కన సిప్పీఘాట్‌లో వరి పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి అలాగే ఉండిపోయింది. ఇప్పుడక్కడ కొంగలు, బాతులు, రకరకాల పక్షులు. రైతు పోగొట్టుకున్నది పక్షికి దక్కింది. అందువల్ల భూమి గట్టిగా కదిలినా, సముద్రం ఉన్నట్టుండి లోపలికి పోయినా చూస్తూ నిలబడకండి. పిల్లల్ని ఎత్తుకుని మెట్టకు పరుగెత్తండి.

మన సభలో చెప్పి తీరాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. 2023 జనవరి 23న అండమాన్‌లో పేరులేని పెద్ద దీవులు ఇరవై ఒకటింటికి పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. మేజర్ సోమనాథ్ శర్మ, లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా, కెప్టెన్ విక్రమ్ బాత్రా, కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్. వాటిలో సుబేదార్ జోగీందర్ సింగ్ పేరు కూడా ఉంది. 1962లో చైనా యుద్ధంలో తవాంగ్ దారిలో నిలబడి పోరాడిన సుబేదార్. నా ర్యాంకువాడి పేరు మీద ఒక దీవి! ఆ దీవుల్లో చాలావాటిలో మనిషి లేడు. చెట్లు, పక్షులు, పీతలు, ఉడుములు, వచ్చిపోయే తాబేళ్ళు. ఇప్పుడు ఆ పోస్టుకి గార్డు అవే. ఆయన పేరున్న నేల మీద ప్లాస్టిక్ సీసా తేలివచ్చి పడితే, అది స్మారకం మీద చెత్త వేసినట్టే కదా. నాకైతే అలాగే అనిపించింది.

వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు. డిసెంబర్ నుంచి మార్చి మంచి కాలం. చెన్నై, కోల్‌కతాల నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. ఓడలో అయితే రెండు మూడు రోజులు. సర్వీసులో ఉన్నవారు ఎల్‌టీసీ నియమాలు ఆఫీసులో కనుక్కోండి. అండమాన్ దీవుల్లో మామూలు చోట్లకు మనకు పర్మిట్ అక్కర్లేదు, గిరిజన రిజర్వులకు, నికోబార్‌కు కావాలి. గడియారం మనదే గానీ సూర్యుడు తొందరపడతాడు, సాయంత్రం అయిదున్నరకే చీకటి. అందుకని ఉదయం తొందరగా లేవండి, ఆ అలవాటు మనకు ఎలాగూ ఉంది. ఇసుక ఈగలు కుడతాయి, పిల్లలకు కొబ్బరినూనె రాయండి. రాళ్ళ మీద చెప్పుల్లేకుండా నడవకండి. మందు తాగి నీళ్ళలోకి దిగకండి.

అండమాన్ వెళ్ళలేకపోయినా చింత లేదు. ఆలివ్ రిడ్లీలు మన శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కూడా వస్తాయి. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ మీద, ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉన్న సూర్యలంక తీరంలో గుడ్లు పెడతాయి. మన ఊరి బీచ్‌లో చలికాలం రాత్రి ఒక దీపం ఆర్పించగలిగితే, ఒక కుక్కని తోలగలిగితే అది కూడా దేశసేవే.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు చివరగా ఒక మాట. ఇంటి కప్పు వచ్చే ఏడాది కూడా కురుస్తుంది, గట్టు తగాదా వచ్చే ఏడాదీ ఉంటుంది. ఆరేళ్ళ పిల్లవాడు మాత్రం వచ్చే ఏడాదికి ఏడేళ్ళవాడైపోతాడు. మీ రెండు నెలల్లోంచి ఒక్క వారం తీసి ఇంటివాళ్ళకి ఇవ్వండి. ఎక్కడికి వెళ్ళినా అక్కడి గీత తెలుసుకుని, దాన్ని కాపాడి రండి.



జై హింద్.